పురుగు తినాలనే నాటాను

మార్చి ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం పెరట్లో వడియాలు తిరగేస్తున్నాను. కంచె పైనుంచి ఒక సీతాకోకచిలుక తూలుతూ వచ్చింది. ఎన్నో ఉతుకులు చూసిన చీరలాగా దాని నారింజ రంగు వెలిసిపోయి ఉంది. కుడి రెక్క అంచు చిరిగి, ఒక ముక్క ఊడిపోయింది. పక్కనే పూసి ఉన్న గులాబీల వంకైనా చూడలేదు. కంచె వారన, అప్పుడప్పుడే నేల చీల్చుకుని జానెడు ఎత్తు లేచిన మొక్క మీద వాలి, ముందు కాళ్ళతో ఆకును టకటకా తట్టింది. తర్వాత పొట్ట వంచి, దాని చివరను ఆకు అడుగున ఆనించి, ఒక్క క్షణం అలాగే ఉండి లేచిపోయింది. వెళ్ళి ఆకు తిప్పి చూశాను. గుండుసూది తలంత గుడ్డు, మీగడ రంగులో, సన్నని నిలువు గీతలతో, బంక పెట్టి అంటించినట్టుగా ఉంది.

ఆ సీతాకోకచిలుక పేరు మోనార్క్. బరువు అర గ్రాము. చలికాలమంతా అది మెక్సికోలో, మిచోవాకాన్ కొండల మీద, సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల ఎత్తున ఓయమెల్ అనే ఫర్ చెట్ల కొమ్మలకు లక్షలాది తోటి సీతాకోకచిలుకలతో కలిసి వేలాడింది. ఎండ ముదరగానే జతకట్టి, ఉత్తరానికి బయలుదేరి, దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు ఎగిరి, టెక్సస్‌లో డల్లాస్‌కు ఎగువన ఉన్న మా పెరట్లో దిగింది. వేసవిలో పుట్టే మోనార్క్‌లు నెల, నెలన్నరకు మించి బతకవు. చలికాలం గడిపే తరం మాత్రం ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. దీనికి ఆ ఎనిమిది నెలలూ నిండవచ్చాయి. ఇక మిగిలింది గుడ్లు పెట్టడమే. ఆ గుడ్లు పెట్టడానికి ఒకే ఒక మొక్కల కుటుంబం పనికొస్తుంది. ఇక్కడ దాన్ని మిల్క్‌వీడ్ అంటారు.

మా వీధిలో నలభై రెండు ఇళ్ళున్నాయి. ఆ మొక్క ఉన్నది రెండిళ్ళలో. మిగతా నలభై ఇళ్ళ ముందూ గీత గీసినట్టు కత్తిరించిన పచ్చిక, ఎప్పుడూ పురుగు ముట్టని పొదలు. అంత దూరం ఎగిరి వచ్చిన తల్లికి ఆ నలభై ఇళ్ళూ ఎడారితో సమానం. పిల్ల నోట్లోకి పోయే ఆకు అక్కడ ఒక్కటీ లేదు.

ఇక్కడి తెలుగువాళ్ళ పెరళ్ళు నాకు బాగా తెలుసు. కరివేపాకు కుండీని నవంబరులో గ్యారేజీలోకి మోసుకెళ్ళి, నాలుగు నెలలు దీపం పెట్టి కాపాడి, మళ్ళీ మార్చిలో బయటికి తెచ్చే ఓపిక మనది. మల్లెకూ మునగకూ గోంగూరకూ చేసే సేవలో పదోవంతు కూడా అడగని మొక్క గురించి ఈ వ్యాసం. నా మాట ఇది: మిల్క్‌వీడ్ నాటండి. కానీ అంగట్లో అందంగా కనిపించినదాన్ని కాకుండా ఈ నేలలో పుట్టినదాన్ని నాటండి. మందు కొట్టకండి. పురుగు దాన్ని మోడు చేసేదాకా తింటే, మొక్క పోయిందని బాధపడకండి. అందుకోసమే నాటాం.

మా అమ్మ మూడేళ్ళ క్రితం వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు జరిగింది చెప్పాలి. పొద్దున్నే పెరట్లో నడుస్తూ, ఏ మొక్క కనిపించినా ఆకు తుంచి వాసన చూడటం ఆమెకు అలవాటు. మిల్క్‌వీడ్ ఆకు తుంచగానే చిక్కటి తెల్లని పాలు బొటబొటా కారాయి. "అయ్యో, ఇది జిల్లేడు జాతిది కదే! ఈ పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి, జాగ్రత్త" అంది. వృక్షశాస్త్రం చదవని మా అమ్మ ఒక్క తుంపుతో చెప్పిన మాట అక్షరాలా నిజం. జిల్లేడు, మిల్క్‌వీడ్ ఒకే కుటుంబం. మన గన్నేరు కూడా వాటి చుట్టమే.

మా ఊరు బాపట్ల దగ్గర. బడికి వెళ్ళే దారిలో చెరువు గట్టంతా జిల్లేడు పొదలే. వినాయక చవితి పత్రిలో అర్కపత్రం కోసం, రథసప్తమి స్నానానికి తల మీద, భుజాల మీద పెట్టుకునే ఏడాకుల కోసం ఏడాదికి రెండుసార్లు దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మిగతా రోజుల్లో అది ఎవరికీ పట్టని మొక్క. ఆ ఆకుల మీద నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగులు పాకుతుండేవి. ఒంటి మీద మెత్తని నల్లని కొమ్ములు మూడు జతలు. వాటి నుంచి వచ్చేది నల్లని రెక్క అంచుల్లో తెల్ల చుక్కలున్న నారింజ రంగు సీతాకోకచిలుక. ఇంగ్లీషులో దాన్ని ప్లెయిన్ టైగర్ అంటారని, మోనార్క్‌కు అది దగ్గరి బంధువని, ఇద్దరిదీ డనాయస్ అనే ప్రజాతేనని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మోనార్క్ గొంగళిపురుగుకూ అవే చారలు. కొమ్ములు మాత్రం రెండు జతలే, తల వైపు ఒకటి, తోక వైపు ఒకటి. ఈ వంశంలోనే నీలి మచ్చల సీతాకోకచిలుకల ప్రజాతి ఒకటి ఉంది. 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దానికి పెట్టిన పేరు తిరుమల! అవి కూడా దక్షిణ భారతంలో తూర్పు, పడమటి కనుమల మధ్య గుంపులు కట్టి వలస పోతాయి. పేరు చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చుట్టరికం అక్కడితో ఆగలేదు. డల్లాస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. వర్షాకాలంలో ఉబ్బి కాళ్ళకు అంటుకుని, ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్ళిచ్చే అదే మట్టి. గుంటూరు జిల్లాలో పండినట్టే ఇక్కడా పత్తి పండింది. ఆ పత్తి కోసం, తర్వాత ఇళ్ళ కోసం, అసలైన గడ్డిమైదానాన్ని దున్నేశారు. ఇప్పుడు అందులో నూటికి ఒక వంతు కూడా మిగల్లేదు. మన ఇళ్ళన్నీ నిలబడి ఉన్నది ఆ మైదానం మీదే. ఇక్కడి నల్లరేగడిలో వేల ఏళ్ళుగా పెరిగిన మిల్క్‌వీడ్‌లు ముఖ్యంగా రెండు. పొట్టిగా, వెడల్పాటి ఆకులతో, ఆకుపచ్చ పూలతో ఉండే గ్రీన్ మిల్క్‌వీడ్. జింక కొమ్ముల్లా వంగిన కాయలు కాసే యాంటిలోప్ హార్న్స్. మెక్సికో నుంచి వచ్చే తల్లులకు వసంతంలో దారిలో తగిలే మొదటి పెద్ద మజిలీ టెక్సస్. ఇక్కడ పుట్టిన పిల్లలు ఉత్తరానికి, అయోవా, మిన్నెసోటా దాకా వెళ్ళి అక్కడ గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు కెనడా దాకా పోతాయి. అక్టోబరులో తిరిగి మా ఇంటి మీదుగా దక్షిణానికి సాగే మోనార్క్ ఈ మార్చి తల్లికి మునిమనవరాలో, ఆ మునిమనవరాలి బిడ్డో అవుతుంది. ఎన్నడూ చూడని కొండకు, ఎవరూ దారి చెప్పకుండా వెళ్తుంది. టెక్సస్ తన రాష్ట్ర కీటకంగా 1995లో దీన్నే ఎంచుకుంది.

ఆ కొండల జాడ 1975 జనవరిలో శాస్త్రలోకానికి తెలిసింది. టొరంటోలో ఫ్రెడ్ అర్క్వార్ట్ అనే ఆచార్యుడు దశాబ్దాలపాటు రెక్కలకు చిన్న చీటీలు అంటించి పంపుతూ వెతికిన జాడ అది. అక్కడి ఊళ్ళవాళ్ళకు మాత్రం ఎప్పుడూ తెలిసిందే. నవంబరు మొదట్లో వాళ్ళు చనిపోయిన పెద్దల పండుగ చేసుకునే రోజులకే ఇవి చేరతాయి. ఆ పెద్దలే ఈ రూపంలో ఇంటికి వచ్చారని వాళ్ళ నమ్మకం. కాకికి పిండం పెట్టే మనకు ఈ నమ్మకాన్ని వివరించనక్కరలేదు.

గుడ్డు పెట్టిన నాలుగైదు రోజులకు పిల్ల బయటికి వస్తుంది. మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. ఆ తర్వాత మొదలయ్యేది అసలు యుద్ధం. ఆకును కొరికితే పాలు ఉబుకుతాయి. ఆ పాలు గాలి తగలగానే బంకలా గట్టిపడి చిన్న పిల్లల నోళ్ళను అంటించేస్తాయి. అందులో ఇరుక్కుని చచ్చేవి చాలా ఉంటాయి. కాస్త పెద్దదైన గొంగళిపురుగు ఏం చేస్తుందో నేను మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళారా చూశాను. నేరుగా ఆకు అంచుకు పోదు. ఆకు కాడ దగ్గర, మధ్య ఈనె మీద కూర్చుని ఒకే చోట నములుతుంది. పాలు ఒక్కసారిగా బయటికొస్తాయి. తల వెనక్కి తీసుకుని, కాసేపాగి, మళ్ళీ నములుతుంది. ఈనె సగానికి తెగగానే ఆకు బరువుకు కిందికి వాలిపోతుంది. ఇక ఆ ఆకులోకి పాలు రావు. అప్పుడు తీరిగ్గా అంచు నుంచి తినడం మొదలుపెడుతుంది. ఎడమ నుంచి కుడికి ఒక వరస, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో వరస. దగ్గరగా చెవి పెడితే సన్నని కరకర వినిపిస్తుంది. రెండు వారాల్లో దాని బరువు దాదాపు రెండు వేల రెట్లు పెరుగుతుంది. ఆ కండంతా మిల్క్‌వీడ్ ఆకే, ఇంకేదీ కాదు.

ఆ ఆకులో గుండెను దెబ్బతీసే విషం ఉంది. కార్డినోలైడ్లు అంటారు. మన జిల్లేడులోనూ గన్నేరులోనూ అలాంటి విషమే ఉంటుంది. మోనార్క్ ఒంట్లో ఆ విషం పనిచేయకుండా మార్పులు వచ్చాయి. పైగా దాన్ని దాచుకుని తన రక్షణకు వాడుకుంటుంది. లింకన్ బ్రోవర్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1960లలో బ్లూ జే అనే పక్షులకు మోనార్క్‌ను తినిపించి చూశాడు. తిన్న పక్షి కాసేపటికి వాంతి చేసుకుంది. మళ్ళీ ఆ నారింజ రంగు జోలికి పోలేదు. అంటే ఈ మొక్క ఆ ప్రాణికి తిండీ కవచమూ కూడా. వేరే ఆకు పెడతాను తినమంటే కుదరదు. ఆకలితో చస్తుంది తప్ప ఇంకోటి ముట్టదు.

ఇప్పుడు లెక్కలు. మెక్సికో కొండల్లో మోనార్క్‌లను ఒకటొకటిగా లెక్కించలేరు. అవి కప్పేసిన అడవి ఎంత విస్తీర్ణమో కొలుస్తారు. 1996-97 చలికాలంలో 18.19 హెక్టార్లు, అంటే దాదాపు 45 ఎకరాలు. 2013-14లో 0.67 హెక్టారు. ఎకరన్నర పైచిలుకు! 45 ఎకరాల పొలం ఎకరన్నరకు వచ్చిందంటే మన ఊళ్ళో ఏమనుకుంటాం? 2023-24లో 0.90, ఆ మరుసటి ఏడు 1.79. కాస్త పెరిగిందని సంతోషించినా, వలస నిలబడాలంటే కనీసం ఆరు హెక్టార్లు ఉండాలన్నది శాస్త్రజ్ఞుల లక్ష్యం. కాలిఫోర్నియా తీరంలో చలికాలం గడిపే పడమటి గుంపు పరిస్థితి ఇంకా ఘోరం. 1980లలో లక్షల్లో ఉన్న ఆ గుంపులో 2020 లెక్కకు రెండు వేలు కూడా తేలలేదు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి విభాగం మోనార్క్‌ను ముప్పులో ఉన్న ప్రాణిగా చట్టంలో చేర్చాలని ప్రతిపాదించింది.

కారణం ఒకటే అనడం తప్పు. మెక్సికోలో దొంగచాటు కలప నరుకుడు ఉంది. కరువులు ఉన్నాయి, వేళ తప్పిన వానలు ఉన్నాయి. కానీ పెద్ద దెబ్బ మధ్య అమెరికా పొలాల్లో పడింది. 1996లో గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయా, ఆ వెంటనే మొక్కజొన్న వచ్చాయి. మన రైతులు గడ్డిమందు అనే ఆ గ్లైఫోసేటే. పంట చావదు కాబట్టి చేనంతా కొట్టొచ్చు. అప్పటిదాకా సాళ్ళ మధ్య, గట్ల మీద దున్నినా మళ్ళీ వేరు నుంచి లేచే మిల్క్‌వీడ్ ఈ మందుతో వేరుతో సహా పోయింది. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో 1999 నుంచి 2010 లోపల మిల్క్‌వీడ్ 58 శాతం తగ్గిందని జాన్ ప్లెజంట్స్, కరెన్ ఒబర్‌హౌజర్ లెక్కగట్టారు. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇదే మందు వాడకంపై ఆంక్షలు పెట్టినప్పుడు, పత్తి చేల గట్ల మీది జిల్లేళ్ళూ వాటి మీది మూడు జతల కొమ్ముల పురుగులూ నాకు గుర్తొచ్చాయి.

సరే, మొక్క తగ్గింది, మనం నాటుదాం. ఇక్కడే నేను మొదట పొరపాటు చేశాను. ఆరేళ్ళ క్రితం వసంతంలో ఒక పెద్ద దుకాణంలో ఎర్ర, పసుపు పూలతో ముచ్చటగా ఉన్న మిల్క్‌వీడ్ మొక్కలు నాలుగు కొన్నాను. సీతాకోకచిలుకల కోసమేనని కుండీ మీద బొమ్మ కూడా ఉంది. వారం తిరక్కుండానే గుడ్లు పడ్డాయి. పిల్లలు వచ్చాయి. మా అమ్మాయి ప్రతి పొద్దునా లెక్కపెట్టేది. పదకొండు. మూడో రోజున అన్నీ కింద రాలి, ఆకుపచ్చ నీరు కక్కుతూ మెలికలు తిరుగుతూ కనిపించాయి. సాయంత్రానికి ఒక్కటీ బతకలేదు. దుకాణంలో అడిగితే మొక్కలకు పెంచేచోట ఏం మందు కొట్టారో తమకు తెలియదన్నారు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. తన మొక్కే వాటిని చంపిందని ఏడ్చింది. ఆ రోజు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో 15 రాష్ట్రాల్లోని 33 నర్సరీల నుంచి 235 మిల్క్‌వీడ్ మొక్కలు కొని ఆకులు పరీక్షించారు. మందు అవశేషం లేని మొక్క ఒక్కటి కూడా లేదు. మొత్తం 61 రకాల మందులు తేలాయి. పురుగు తినడానికే కొనే మొక్కకు పురుగుమందు! పాలపొడి డబ్బాలో విషం కలిపినట్టు కాదూ ఇది? అందుకే కొనేముందు అడగండి. ఏ మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు? జవాబు చెప్పలేని చోట కొనకండి. నలుగురు అడిగితే ఐదోవాడికి జవాబు సిద్ధమవుతుంది.

ఆ ఎర్రపూల మొక్కకు ఇంకో దోషం ఉంది. అది ట్రాపికల్ మిల్క్‌వీడ్. ఈ నేల మొక్క కాదు, ఉష్ణమండలానిది. త్వరగా పెరుగుతుంది, నిరంతరం పూస్తుంది, దుకాణాలకు లాభం. ఇక్కడి సొంత మిల్క్‌వీడ్‌లు చలికాలానికి నేలమట్టమై పడుకుంటాయి. ఇది దక్షిణ టెక్సస్, ఫ్లోరిడా లాంటి వెచ్చని చోట్ల ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. పచ్చగా ఉంటే మంచిదే కదా అని నేనూ అనుకున్నాను. మోనార్క్‌లకు ఓ.ఇ. అనే సూక్ష్మ పరాన్నజీవి సోకుతుంది. రోగమున్న తల్లి పొట్ట నుంచి ఆ బీజాలు ఆకు మీద రాలతాయి. ఆకుతోపాటు పిల్ల వాటినీ తింటుంది. ముదిరితే, ప్యూపా నుంచి బయటపడ్డ సీతాకోకచిలుక రెక్కలు ముడుచుకుపోయి ఎగరలేదు. ఆకులు ఏడాదికోసారి రాలిపోతే బీజాలూ పోతాయి. రాలని మొక్క మీద పోగుపడతాయి. పైగా ఆ పచ్చని ఆకు చూసి కొన్ని మోనార్క్‌లు వలస మానేసి అక్కడే గుడ్లు పెడుతున్నాయి. అలాంటి చోట్ల రోగం చాలా ఎక్కువగా ఉందని జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూపించారు. 2022లో కాలిఫోర్నియాలోని కొన్ని కౌంటీలు ఆ మొక్క అమ్మకాన్నే ఆపించాయి. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే వెంటనే పీకనక్కరలేదు. అక్టోబరు దాటగానే నేల దాకా కోసేయండి, చలికాలమంతా చిగురు రానివ్వకండి. ఈలోగా సొంత జాతిది నాటుకోండి.

నాతో వాదించేవాళ్ళూ ఉన్నారు. ఒక మిత్రుడు, మొక్కలంటే ప్రాణం పెట్టే మనిషి, ఇలా అన్నాడు: "వంద కోట్లకు పైగా మొక్కలు కావాలని మీ శాస్త్రజ్ఞులే అంటున్నారు. మీ పెరట్లో ఇరవై మొక్కలతో ఒరిగేదేమిటండీ? పొలాల్లో మందు ఆపకుండా ఇళ్ళలో మొక్కలు నాటడం సముద్రంలో కాకిరెట్ట." న్యాయమైన ప్రశ్నే. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం పరిశోధకులు 2019లో దీనికే లెక్క కట్టారు. కావలసిన మిల్క్‌వీడ్‌లో దాదాపు మూడోవంతు నగరాలూ శివార్లూ ఇవ్వగలవని తేల్చారు. మూడోవంతు కాకిరెట్ట కాదు. పొలాల సంగతి పొలాల దగ్గర తేల్చుకోవాల్సిందే, ఆ పోరు వేరు. కానీ నా చేతిలో ఉన్నది నా పెరడు. అందులో ఏముండాలో నిర్ణయించడానికి నాకు ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు.

ఇంకో వాదన నన్ను నిజంగా కదిలించింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో అనురాగ్ అగర్వాల్ బృందం 2016లో పాత లెక్కలన్నీ తిరగేసి, మిల్క్‌వీడ్ ఒక్కటే కారణమైతే తగ్గుదల ఇలా కనిపించదని చెప్పింది. వేసవి చివర్లో ఉత్తరాన సీతాకోకచిలుకలు బాగానే కనిపిస్తున్నా, మెక్సికో చేరేసరికి తగ్గుతున్నాయట. అంటే దక్షిణ ప్రయాణంలోనూ ఏదో జరుగుతోంది. తేనె దొరక్కపోవడం అందులో ఒకటి కావచ్చు. అక్టోబరులో టెక్సస్ దాటే మోనార్క్‌కు ఆకుతో పని లేదు. అది గుడ్లు పెట్టదు. దానికి తేనె కావాలి. ఇక్కడ తాగిన తేనె కొవ్వుగా మారితేనే నాలుగైదు నెలల చలిని తట్టుకుంటుంది. ఇది చదివాక నా తోట మారింది. మిల్క్‌వీడ్‌కు పక్కనే అక్టోబరులో పూసే ఫ్రాస్ట్‌వీడ్, నీలి మిస్ట్‌ఫ్లవర్, గోల్డెన్‌రాడ్, ఆస్టర్లు వచ్చి చేరాయి. నిరుడు అక్టోబరు రెండో వారంలో, ఉత్తరపు గాలి తిరిగిన మర్నాడు, ఒక్క ఫ్రాస్ట్‌వీడ్ గుబురు మీద ముప్పై ఏడు మోనార్క్‌లను లెక్కపెట్టాను. రెక్కలన్నీ కొత్తవి, చిరుగు లేదు, రంగు నిప్పులా ఉంది. మార్చి తల్లికీ వాటికీ మధ్య రెండు మూడు తరాలు గడిచిపోయాయి. మిల్క్‌వీడ్ మాత్రమే నాటి ఊరుకుంటే పుట్టింటివారు పురుడు పోసి, అత్తింటికి పంపేటప్పుడు దారి బత్తెం ఇవ్వనట్టు ఉంటుంది.

గొంగళిపురుగులను వందల కొద్దీ ఇంట్లోకి తెచ్చి వలపెట్టెల్లో పెంచేవాళ్ళను చూస్తుంటాను. ప్రేమతోనే చేస్తారు. కానీ ఇరుకులో రోగం పాకుతుంది. ఇంట్లో పెరిగిన మోనార్క్‌లు దక్షిణ దిక్కును సరిగా పట్టలేకపోయాయని 2019లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధన తేల్చింది. పిల్లలకు చూపించడానికి ఒకటీ రెండూ పెంచితే తప్పు లేదు. మిగతావి బయటే ఉండాలి. కందిరీగలు కొన్నిటిని తీసుకుపోతాయి, సాలీళ్ళు కొన్నిటిని తింటాయి. నూరు గుడ్లకు ఒకటో రెండో రెక్కలదాకా వస్తాయి. అందుకే ఆ తల్లి వందల గుడ్లు పెడుతుంది, అందుకే మొక్కలు చాలా కావాలి.

నాటే పద్ధతి చెప్తాను. గ్రీన్ మిల్క్‌వీడ్‌కు లోతైన తల్లివేరు. పెద్దయ్యాక పెకలించి మార్చితే బతకదు, విత్తనం వేయడమే మేలు. విత్తనానికి చలి తగలందే మొలక రాదు. నవంబరులో నేరుగా నేలలో వేసి, మట్టి పైపైన కప్పి వదిలేస్తే చలికాలమే ఆ పని చేస్తుంది. లేదంటే తడి ఇసుకలో కలిపి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పక్కన నెల రోజులకు పైగా ఉంచి మార్చిలో వేయండి. ఎండ బాగా తగిలే చోటు కావాలి. మొదటి ఏడు వేలెడంత లేచి మాయమవుతుంది. చచ్చిపోయిందనుకుని తవ్వకండి, వేరు దిగుతోంది. రెండో ఏడో మూడో ఏడో పూస్తుంది. జూన్‌లో కాయలు పగిలి, పట్టులాంటి దూదితో విత్తనాలు ఎగురుతాయి. మనం చిన్నప్పుడు వెంటపడి పట్టుకున్న జిల్లేడు దూదే అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా నుంచి బూరుగు దూది రాకుండా పోయినప్పుడు, అమెరికా బడిపిల్లలు సంచుల కొద్దీ మిల్క్‌వీడ్ కాయలు ఏరి ఇచ్చారు. ఆ దూదిని నావికుల లైఫ్ జాకెట్లలో నింపారు. రెండు సంచులు ఒక ప్రాణం కాపాడతాయని అప్పటి ప్రచారం. అప్పుడు ప్రాణదాత అయిన మొక్కే ఇప్పుడు పేరులో వీడ్ అని ఉన్నందుకు కలుపుగా లెక్కకు వస్తోంది.

కాలనీ సంఘం నుంచి నాకూ ఒక ఉత్తరం వచ్చింది, ఇంటి ముందు కలుపు పెరుగుతోందని. కోపం దిగమింగుకుని, మొక్కల చుట్టూ రాళ్ళ వరస పేర్చి, ఇది మోనార్క్‌ల తోట అని చిన్న పలక పెట్టి, ఫొటోలతో జవాబు రాశాను. మళ్ళీ ఉత్తరం రాలేదు. తోట పెంచుతున్నామని కనిపిస్తే చాలామంది ఒప్పుకుంటారు, వదిలేశామని కనిపిస్తేనే పేచీ. మేరీల్యాండ్ రాష్ట్రమైతే 2021లో చట్టమే చేసింది, పచ్చికే పెంచాలని సంఘాలు పట్టుబట్టకుండా.

వేసవిలో మీ మిల్క్‌వీడ్ కాడల నిండా పసుపు పచ్చని పేనుబంక పట్టడం ఖాయం. జిల్లేడుకూ గన్నేరుకూ పట్టేదే, అదే పురుగు. సబ్బునీళ్ళు కొడదామని చెయ్యి లాగుతుంది. కొట్టకండి. ఆ ఆకుల మీదే ఎక్కడో గుడ్డు ఉంటుంది. మరీ ఎక్కువైతే వేళ్ళతో తుడిచేయండి, కాడ మీదికి నీళ్ళు సన్నగా వదలండి. అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని చూసుకుంటాయి. దోమల కోసం పెరడంతా మందు కొట్టించుకునే ఒప్పందాలు మనవాళ్ళ ఇళ్ళలో మామూలైపోయాయి. దోమకూ గొంగళిపురుగుకూ ఆ మందు తేడా చూపదు. దోమ పుట్టేది నిలిచిన నీళ్ళలో. కుండీల కింది పళ్ళాలు వారానికోసారి వంచితే అసలు పని జరిగిపోతుంది. ఇది చెప్పినందుకు నన్ను పిలవడం మానేసిన ఇల్లు ఒకటుంది. మళ్ళీ అడిగినా ఇదే చెప్తాను.

ఈ ఏడాది రథసప్తమి మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. ఇంటి ప్రహరీ పక్కన జిల్లేడు ఏపుగా పెరిగిందట. గోడకు సున్నం వేయడానికి వచ్చిన మనిషి అడ్డంగా ఉందని నరకబోయాడట. అమ్మ వెళ్ళి ఆకులు తిప్పి చూసి, వద్దు బాబూ, ఆ మేర గోడ పది రోజులయ్యాక వేద్దువుగానిలే అని పంపేసిందట.

"ఎన్నున్నాయమ్మా?" అని అడిగాను.

"పెద్దవి నాలుగు, చిన్నవి చాలా. కొమ్ములు కూడా చూశానే, మూడు జతలు. సరిగ్గా లెక్కపెట్టాను" అంది.